బొజ్జన్న పెట్టిన రూలు

నల్లబండపల్లె తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీకి ఒక రూలుంది. ఎద్దుల్ని తోలే మనిషి ఒంటిమీద నడుముకు పైన నూలుపోగు ఉండకూడదు. చొక్కా వద్దు, బనీను వద్దు, తలకు తువ్వాలు కూడా వద్దు. ఎంత పెద్దమనిషి ఎద్దులు వచ్చినా ఇదే రూలు. మెళ్లో తాయత్తు ఉంటే మాత్రం ఉండనిస్తారు. అది దేవుడి సొత్తు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. ఈ రూలు పెట్టింది బొజ్జన్న. పన్నెండేళ్లుగా చర్నాకోల భుజాన వేసుకుని బరి మొదట్లో నిలబడి, తోలేవాళ్లను ఒక్కొక్కరినే చేతులెత్తించి, చంకలు, నడుము, పంచె మడతలు తడిమి చూసి లోపలికి పంపేదీ ఆయనే.

కమలాపురం చుట్టుపట్ల బొజ్జన్న పేరు తెలియని పశువుల కొట్టం లేదు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా నడుం వంగలేదు. నోరు తెరిస్తే తిట్టు, చెయ్యి లేస్తే దెబ్బ. అయినా మనిషి మంచివాడే అంటారు జనం. ఆ మాటన్న వాళ్లెవరూ ఆయనతో ఒక ఇంట్లో బతకలేదు.

రూలు వెనక ఒక చావుంది. బొజ్జన్నకు కర్రోడని ఒక ఎద్దు ఉండేది. కూలికి పిలిపించిన తోలేవాడొకడు చొక్కా మడతలో మేకు దాచుకుని, పరుగు మధ్యలో దాని తోక మొదట్లో పొడిచాడు. నొప్పికి ఎద్దు బండను ఈడ్చుకుంటూ పరుగెత్తి గెలిచింది. తర్వాత పుండు పడింది, పురుగు పట్టింది, ఇరవై రోజులకు చచ్చిపోయింది. వేళ్ల సందున జారకుండా ఆ మేకు మొదలుకు ఎర్రదారం చుట్టి ఉండింది. బొజ్జన్న తోలేవాడి పళ్లు రెండు రాలగొట్టి, మేకును తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుని, మరుసటేడు కమిటీలో కూర్చుని రూలు రాయించాడు. ఎద్దు కోసం అంత ఏడ్చిన మనిషి, కన్నబిడ్డ విషయంలో ఏం చేశాడో తర్వాత చెబుతాను.

ఈ ఏడాది తొమ్మిది జతలు వచ్చాయి. మధ్యాహ్నానికి ఎనిమిది దిగి లాగేశాయి. అందరికంటే ముందున్నది ఉమామహేశ్ జత. పదిహేను నిమిషాల్లో మూడువేల నూట ఎనభై అడుగులు. ఉమామహేశ్ నాపరాళ్ల గనుల కాంట్రాక్టరు. ఎక్కడికి పోయినా వెనక పది మంది మగవాళ్లు ఉండాల్సిందే, లేకపోతే ఆయనకు అన్నం సయించదు. అతని ఎద్దుల్ని తోలిన సంజన్న బరి పక్కనే ఒళ్లంతా దుమ్ముతో, మెళ్లో బొటనవేలంత రాగి తాయత్తుతో నిలబడి సోడా తాగుతున్నాడు.

మిగిలింది ఒక్క జత. వేంపల్లె ఖాదర్ మొహిద్దీన్ ఎద్దులు. ఖాదర్ సాయిబుకు వేంపల్లెలో ఎరువుల అంగడి, పిల్లాపాపా లేరు, ఎద్దులంటే ప్రాణం. మైకు పట్టుకున్న రిటైర్డు టీచరు రాఘవేంద్రప్రసాద్ పిలవగానే జత వచ్చింది. బెదురు ఎద్దులు. జనాన్ని చూసి కాడి కింద కుమ్ముకుంటున్నాయి. వాటిని తోలుకొచ్చిన కుర్రాడు పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. పలచని గడ్డం, నుదుటిన విభూది, బులుగు చొక్కా. బొజ్జన్న మొహం కూడా చూడకుండా అలవాటు కొద్దీ చెయ్యి ఊపి, చొక్కా ఇప్పు అన్నాడు.

కుర్రాడు విప్పలేదు. ఎద్దులు మళ్లీ బెదిరేసరికి వాటివైపు తిరిగి, నాలుకను అంగిలికి కొట్టి రెండుసార్లు టకటక అనిపించి, గొంతులోనే సన్నగా కూనిరాగం తీశాడు. ఎద్దులు చెవులు వాల్చి నిలబడిపోయాయి.

బొజ్జన్న కూడా నిలబడిపోయాడు. ఆ చప్పుడు ఆయన తండ్రి ఈరన్నది. ఈరన్న చర్నాకోల పట్టకుండా ఎద్దులు తోలినవాడు. ఆ విద్య ఆయన కొడుక్కు అబ్బలేదు, బొజ్జన్న నాలుక ఎంత తిప్పినా ఆ చప్పుడు రాలేదు. తాత నేర్పింది ఒక్క మనవసంతానానికే.

బొజ్జన్నకు, సుంకమ్మకు ఒకే బిడ్డ. పుట్టినప్పుడు ఆడపిల్లనుకున్నారు, ఒక పేరు పెట్టారు. ఆ పేరు అతనికి అక్కర్లేదు కాబట్టి మనకూ అక్కర్లేదు. ఏడేళ్లకే తాత వెంట కొట్టంలో పడుకునేవాడు. పదేళ్లకు లాగులు తప్ప వేసుకునేవాడు కాదు. పదిహేనేళ్లకు ఎంత పొగరు ఎద్దైనా చెప్పిన మాట వినేది. కొడుకు లేని లోటు తీరిందని బొజ్జన్న సంతలో నలుగురితో మురిసిపోయేవాడు. మురిసిపోవడానికి పనికొచ్చింది ఒప్పుకోవడానికి పనికిరాలేదు.

పందొమ్మిదో ఏట రాయచోటి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకునే రోజు పొద్దున బిడ్డ గొర్రెబొచ్చు కత్తెరతో జుట్టు కత్తిరించుకుని కొట్టంలో నిలబడి, "నాయనా, నేను ఆడపిల్లను కాదు. ఎప్పుడూ కాదు. నీకు తెల్సు" అన్నాడు.

ఆ చివరి మాటే బొజ్జన్నకు కారం పెట్టింది. తెలుసు కాబట్టే. ఎద్దుల్ని కట్టే గుంజకు రెండు చేతులూ కట్టేసి, ఒంటిమీది గుడ్డ చించి, చర్నాకోలతో కొట్టాడు. లెక్కపెట్టలేదు. సుంకమ్మ కాళ్ల మీద పడితే తన్నాడు. తోలు లేచి నెత్తురు చిమ్మి పక్క ఎద్దు మొహం మీద పడితే అది తాడు తెంపుకోబోయింది, అప్పుడు ఆపాడు. ఎద్దు కోసం ఆపాడు. తెల్లారేసరికి బిడ్డ లేడు. బళ్ళారి పక్క ఇచ్చినాం, పెండ్లి ఆడనే అయిపోయింది అని ఊళ్లో చెప్పాడు. జనం కూడా పెళ్లి భోజనం పెట్టలేదని సణిగారే తప్ప, పిల్ల ఒక్కసారైనా పుట్టింటికి రాలేదేమని అడగలేదు. ఐదేళ్లు గడిచాయి.

ఇప్పుడు ఆ బిడ్డ గడ్డంతో ఎదురుగా ఉన్నాడు. కళ్లు మాత్రం తాతవి. రూలు ప్రకారం చొక్కా విప్పించాలి. విప్పిస్తే ఐదువేల మంది మధ్యలో ఈ బిడ్డ బతుకు ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఈ ఊరి మగవాళ్లు ఎలాంటివాళ్లో తనను చూసుకునే తెలుసుకున్నాడు. చొక్కా అని మళ్లీ గొణిగాడు.

కుర్రాడు దగ్గరికొచ్చి ఆయనకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"నువ్వే ఇప్పు నాయనా. పోయినసారి నువ్వే గదా చించింది."

బొజ్జన్న చేతులెత్తమని సైగ చేసి, చొక్కా మీదనే తడమసాగాడు. నడుము, చంకలు. ఛాతీ చుట్టూ మందమైన గుడ్డ బిగించి కట్టి ఉంది. పైకి పోయి భుజాల వెనక చెయ్యి వేశాడు. అక్కడ గుడ్డ లేదు, పలచని చొక్కా కింద తాడు పేనినట్టు వాతలు తగిలాయి. ఒకటి, దాని పక్కన ఒకటి, వాటి మీద అడ్డంగా ఇంకొకటి. ఐదేళ్లకు కూడా మానిపోక బిగుసుకుపోయి ఉన్నాయి. తాను చేసిన పనిని బొజ్జన్న మొదటిసారి చేత్తో చూశాడు.

"సోదా అయిపాయ. మేకు ల్యా. పంపించండి" అన్నాడు మైకు వైపు తిరిగి. పన్నెండేళ్లలో మొదటిసారి రూలు తప్పాడు.

తప్పిందని కనిపెట్టడానికి ఉమామహేశ్‌కు రెప్పపాటు పట్టలేదు. నీళ్ల ట్యాంకరు నీడలోంచి లేచి వచ్చి, ఎంత పెద్దవాళ్లనైనా విప్పించిన బొజ్జన్నకు వేంపల్లె సాయిబు మనిషంటే ఎందుకంత మర్యాదో అని గట్టిగా అడిగాడు. తడిమి చూశానన్నాడు బొజ్జన్న. రూలు తడిమేది కాదు విప్పేది అన్నాడు ఉమామహేశ్. జనం ఈలలు వేశారు. విప్పు, విప్పు అని మూలమూలలా అరుపులు లేచాయి. ఖాదర్ మొహిద్దీన్ చేతులు జోడించి, కుర్రాడికి చర్మం జబ్బు ఉంది, ఎండ పడకూడదు అని ఏదో అబద్ధం చెప్పబోయాడు.

"జబ్బు కాదు సాయిబూ. నీ ఎద్దులు తోలేది ఆడదంట గదా. వేంపల్లె సంతలో అందరూ అంటాండారు" అన్నాడు ఉమామహేశ్. "బరిలోకి ఆడది దిగితే ఎద్దులకు అరిష్టం. తేల్చేద్దాం పాండి."

అతని మనుషులకు ఆ మాట చాలు. ఇద్దరు వచ్చి కుర్రాడి రెక్కలు పట్టుకున్నారు. కుర్రాడు తల వెనక్కి తీసి ఒకడి ముక్కు మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు బొజ్జన్నకు వినిపించింది. వాడు మొహం పట్టుకుని కూలబడితే ముగ్గురు మీదపడ్డారు. ఖాదర్ మొహిద్దీన్ అరవై రెండేళ్ల మనిషి, మధ్యలోకి దూరి బేటా, బేటా అంటూ కుర్రాణ్ని తన ఒంటితో కప్పబోయాడు. కట్టె ఒకటి ఆయన తల మీద పడింది. తెల్ల టోపీ చూస్తుండగానే ఎర్రబడింది, మనిషి బండకు కట్టే గొలుసు మీద వెల్లకిలా పడ్డాడు. ఎద్దులు కాలు దువ్వాయి. కుర్రాడు పళ్లతో, మోచేతులతో, కాళ్లతో కొట్లాడాడు. కాడికి దోపిన కర్రచీల ఊడబెరికి ఒకణ్ని మోకాలి చిప్ప మీద కొట్టి పడేశాడు. ఇంకొకడు వెనక నుంచి కాలరు పట్టుకుని లాగితే చొక్కా నడుం దాకా చిరిగిపోయింది.

ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. ఛాతీ చుట్టూ తెల్ల గుడ్డ కట్టు, దానికి పైనా కిందా వీపంతా వాతలు. ఎవడో కిసుక్కున నవ్వాడు. నాలుగు వైపులా ఫోన్లు పైకి లేచాయి. కుర్రాడు చేతులతో కప్పుకోలేదు. నిటారుగా నిలబడి తండ్రి వైపు చూశాడు. ఆ చూపులో వేడుకోలు లేదు. నువ్వు ఇప్పుడేం చేస్తావో చూస్తానన్నట్టు ఉంది.

ఉమామహేశ్ దగ్గరికి వచ్చి ఆ కట్టులోకి రెండు వేళ్లు దూర్చాడు.

"నడుముకు పైన నూలుపోగు ఉండగూడదని గదా నీ రూలు బొజ్జన్నా. ఇదీ నూలే గదా."

ఆ మాట పూర్తి కాకముందే బొజ్జన్న చర్నాకోల లేచింది. మొదటి దెబ్బకు మణికట్టు మీద తోలు లేచి వేళ్లు కట్టులోంచి బయటికొచ్చాయి. రెండోది చెవి నుంచి పెదవి దాకా చీల్చింది. మూడోది, నాలుగోది ఎక్కడ పడ్డాయో బొజ్జన్నే చూడలేదు. ఉమామహేశ్ దుమ్ములో పడి దొర్లుతుంటే మీద నిలబడి కొట్టాడు. కొడుతుంటే హాయిగా ఉంది. ఆ హాయి ఆయనకు కొత్తది కాదు, కొట్టంలో గుంజ దగ్గరా ఇలాగే ఉండింది. అది గుర్తుకొచ్చి చెయ్యి గాలిలోనే ఆపాడు. ఆ ఆగిన క్షణంలోనే కట్టె వచ్చి మెడకూ భుజానికీ మధ్య పడింది. ఎముక టక్కుమంది. ఎడమచెయ్యి వేలాడిపోయింది. ఒక మోకాలి మీద కూలి, కుడిచేత్తో ఇంకా చర్నాకోల తిప్పుతూనే, నా బిడ్డ మీద చెయ్యేసినోన్ని నరుకుతా అని అరుస్తున్నాడు. ఆయన గొంతు తెలిసినవాళ్లు బెదిరి పక్కకు జరిగారు.

ఈ గోలలో సంజన్న కుర్రాడి వెనకకు చేరాడు. చేతిలో ఏమీ లేనట్టే కనిపించింది. గుప్పిట బిగించి కుర్రాడి దండచెయ్యి మీద గుద్దాడు. కుర్రాడు గట్టిగా మూలిగి తిరిగి వాడి గొంతు పట్టుకున్నాడు. దండలోంచి నెత్తురు ధారగా కారుతోంది. ఏదో లోపల దిగబడిపోయి ఉంది. బొజ్జన్న పాక్కుంటూ పోయి, వేలికి తగిలిన కొసను పట్టి బయటికి లాగాడు.

మేకు. దేవుడి గూట్లో ఉన్నదానిలాగే దీని మొదలుకూ ఎర్రదారం చుట్టి ఉంది.

బొజ్జన్న దాన్ని చూశాడు, సంజన్న మెడ చూశాడు. రాగి తాయత్తు మూత ఊడి, గొట్టం ఖాళీగా వేలాడుతోంది. రెండు గంటల ముందు ఈ సంజన్ననే చేతులెత్తించి, చంకలు తడిమి, తాయత్తు కనిపిస్తే కళ్లకద్దుకుని పంపాడు తాను. పన్నెండేళ్లుగా ఎంత మంది ఒళ్లు చూశాడు, ఎంత మందిని సిగ్గుతో నిలబెట్టాడు. మేకు మాత్రం ఆయన మొక్కిన చోటే దాక్కుంది. ఒకడు పోయి సంజన్న తోలిన ఎద్దుల తోకలు ఎత్తి చూశాడు. రెండింటికీ పచ్చి గాట్లు ఉన్నాయి. జనం సంజన్న మీదకు పోయారు. కాసేపటి ముందు చొక్కా విప్పమని అరిచిన జనమే. వాళ్ల మనసు మారిందని నేననను. ఎద్దును పొడిచినవాడు దొరికాడు, ముందు వాణ్ని తన్నాలి, అంతే. టీ అంగడి దగ్గరున్న ఇద్దరు కానిస్టేబుళ్లు అప్పటికి గ్లాసులు కిందపెట్టి వచ్చి, సంజన్ననూ ఉమామహేశ్‌నూ జీపెక్కించారు.

బొజ్జన్న లేచాడు. చర్నాకోల కుడి భుజాన వేసుకుని, వేలాడే చేతిని పంచెలో ఇరికించుకుని, రాఘవేంద్రప్రసాద్ దగ్గరికి పోయి ఆయన పట్టుకున్న మైకుకు నోరు ఆనించాడు. ఊపిరి బుసబుసమని మైకులో వినిపించింది.

"ఆ పిల్లోని వీపు మీద ఉండేటియి నేను పెట్టిన వాతలు. నేనే. బళ్ళారి పక్క ఇచ్చినామని చెప్పింది అబద్ధం. నాకు కూతురు ల్యా. కొడుకుండాడు. కొట్టి ఎల్లగొట్టినా." మేకును పైకెత్తి చూపాడు. "ఆ రూలు ఈ పొద్దుతో పాయ. చొక్కాలు ఏసుకోని తోలండి. తాయత్తులు మటుకు ఇప్పి ఈడ పెట్టిపోండి."

ఎవరో వెనక నుంచి, ఇదేం కర్మరా అన్నారు. ఇంకెవరో వాళ్లను నోరుమూసుకోమన్నారు.

అప్పుడు ఆడవాళ్లు కూర్చున్న ట్రాక్టరు ట్రాలీ మీదినుంచి సుంకమ్మ దిగింది. ఆడవాళ్లు అడుగుపెట్టని బరిలో నేరుగా నడిచి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. సంచిలోంచి తువ్వాలు తీసి కుర్రాడి దండకు బిగించి కట్టింది. తర్వాత ఒక కొత్త చొక్కా తీసి దులిపి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు చేతులు ఒక్కొక్కటే పెట్టి తొడిగి, బొత్తాలు పెట్టింది. చొక్కా భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. ఐదేళ్లు చూడని బిడ్డ కొలత దీనికెలా తెలిసిందా అని బొజ్జన్న బిత్తరపోయాడు.

ఒక పరుగు మిగిలే ఉంది. తోలతావా అని రాఘవేంద్రప్రసాద్ అడిగితే కుర్రాడు తోలతానన్నాడు. పేరు రాసుకోవాలి కదా అన్నాడు ఆయన. బొజ్జన్న ముందుకొచ్చి, బొజ్జన్న కొడుకు అని రాయండి సార్ అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత దూరం వచ్చాడో ఆయనకే తెలుసు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

"వేంపల్లె ఖాదర్ మొహిద్దీన్ జత. తోలేది చిన్న ఈరన్న. అంతే చెప్పండి సార్."

తాత పేరు పెట్టుకున్నాడు. ఇల్లు వదిలిపోయినా ఇంటిపెద్దను వదల్లేదు. నడుమ తండ్రిని మాత్రం తీసేశాడు. బొజ్జన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. కనీసం పక్కన పరుగెత్తుతాను, ఎద్దులు ఒక పక్కకు లాగితే అదిలించడానికి మనిషి కావాలి కదా అని అడిగాడు. కుడి భుజం మీద చర్నాకోల ఇంకా వేలాడుతోంది, దానికి నెత్తురు అంటి ఉంది. చిన్న ఈరన్న దానివైపు చూశాడు.

"నువ్వు రావాకు నాయనా. అది ఎనక ఉంటే ఎద్దులు నడ్సవు. నేనూ నడవల్యా."

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి, ఎద్దుల దగ్గరికి పోయి వాటి గంగడోళ్లు నిమిరాడు.

తల పగిలిన ఖాదర్ సాయిబునూ, ఎముక విరిగిన బొజ్జన్ననూ ఒకే ఆటోలో ఎక్కించారు. కడప పెద్దాసుపత్రికి పోవాలి. ఖాదర్ సాయిబు మాత్రం, బిడ్డ పరుగు అయ్యేదాకా బండి కదిలిస్తే దూకేస్తానని మొండికేశాడు. ఆటో బరి పక్కనే ఆగింది. తలకు గుడ్డ అదుముకుంటూ సాయిబు చెప్పుకొచ్చాడు. ఐదేళ్ల కింద కుర్రాడు సంతలో జ్వరంతో వణుకుతూ పని అడిగాడట. వీపు చీము పట్టి ఉంటే సాయిబే ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడట. మూడో రోజు ఉన్నదంతా కుర్రాడే చెప్పాడట.

"నాకేం అర్థం కాల్యా అప్పా, నిజం చెప్తాండా" అన్నాడు సాయిబు. "అర్థమయ్యేదాకా అన్నం పెట్టకుండా ఉంటామా? పెట్టినా. కూచోబెట్టి అడిగినా. మెల్లగా తెలిసె."

కర్రోడికి పుండు పడితే బొజ్జన్న పక్కనే కూర్చుని ఇరవై రోజులు చీము ఒత్తి కట్టు కట్టాడు. బిడ్డ పుండ్లకు ఎవరో సాయిబు కట్టు కట్టించాడు.

బరిలో టకటక చప్పుడు వినిపించింది, తర్వాత జనం హోరు. ఆటోలో వాళ్లకు ఏమీ కనిపించలేదు, దుమ్ము తప్ప. మైకు అడుగులు చెబుతూ పోయింది. వెయ్యి. పదిహేడు వందలు. రెండువేల నాలుగొందలు దాటేసరికి రాఘవేంద్రప్రసాద్ గొంతు కీచుమంది, మూడువేల నలభై దగ్గర గంట కొట్టారు. ఉమామహేశ్ జత లాగినదానికంటే తక్కువే. మేకుతో లాగించింది కొట్టేశారు కాబట్టి వేంపల్లె జతదే గెలుపు. మైకులో పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. చిన్న ఈరన్న, చిన్న ఈరన్న. ముందు వెనక ఇంకో పేరు లేదు.

ఆటో కదిలింది. ఎదురు సీటులో సుంకమ్మ కూర్చుంది, బిడ్డ చిరిగిన చొక్కా ఒళ్లో పెట్టుకుని. చొక్కా కొలత ఎట్లా తెలిసిందని అడిగాడు బొజ్జన్న. ఐదేళ్లుగా వారానికోసారి ఫోన్లో మాట్లాడుతున్నాను, ఏడాదికొకసారి వేంపల్లె సంతకు పోయి చూసొస్తున్నాను అని ఆమె చెప్పింది. నెంబరు తన ఫోన్లోనే ఉందని, ఏ పేరూ లేకుండా దాచుకున్నానని కూడా చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడగబోయి, ఆ ప్రశ్నకు జవాబు చర్నాకోలై తన భుజం మీదే వేలాడుతోందని గుర్తొచ్చి దాన్ని తీసి ఆటో నేల మీదకు జారవిడిచాడు.

ఆటో కమలాపురం దాటింది. గతుకులకు విరిగిన ఎముక కదిలి ప్రాణం పోతోంది. బొజ్జన్న పళ్లు బిగించి అడిగాడు.

"ఆ నెంబరు నాకియ్యే సుంకీ."

సుంకమ్మ మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అడిగినదాన్ని ఆమె లేదని ఎన్నడూ అనలేదు.

"వాన్ని అడిగి, ఇయ్యమంటే ఇస్తా" అంది.